నిరీక్షణాభరణములు
(స్మారకోపన్యాస పాఠము)



ఏ మాస్టారి స్మృత్యర్థము ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, వారు తమ జీవితమంతయు రాజులు ముద్రించిన నాణెములను, ప్రభుత్వములు ప్రదానము చేసిన పతకములను చదువుటలో గడపినారు. వారి శిష్యుడనైన నేను నేడు ఏ రాజును ముద్రింపనివి, ఏ ప్రభుత్వమును గౌరవించి యీయనివి అగు కొన్ని చిన్న వస్తువులను గూర్చి మాటలాడదలచినాను. గత శతాబ్దమున జరిగిన రెండు ప్రపంచయుద్ధముల కాలములో, యుద్ధనౌకల నెక్కి వెడలిపోవుచు నావికులు తమ తల్లులకును, భార్యలకును, అక్కచెల్లెండ్రకును, మనసిచ్చిన పడుచులకును కొని యిచ్చిపోయిన నగలు అవి. ఇంగ్లండులోను అమెరికాలోను వానిని స్వీట్‌హార్ట్ నగలందురు. వానిలో అధికభాగము బ్రోచీలు. మన తాతమ్మల కాలమున చదువుకొన్న ఇండ్ల స్త్రీలు పైట జారకుండ భుజముకడ గుచ్చుకొన్న బ్రోచి మీలో పెక్కుమంది చూచినదే. పాశ్చాత్య స్త్రీలు కోటుమడత మీదనో, రవిక మెడకడనో దానిని ధరింతురు. బ్రోచీలు కాక, మూత తెరచినచో లోపల ఫొటో కనబడు లాకెట్లు, సాగుడు కంకణములు, ఉంగరములు కూడ కలవు. అధికారుల భార్యలకు బంగారములో వజ్రములు పొదిగినవి ఉండెడివి; సామాన్యనావికుని ఇంటిలో వెండి, ఇత్తడి, ముత్యపుచిప్ప, అవియు కానిచో సెల్యులాయిడు.

ఈ విషయమున నా మనవి యెల్ల ఒక్కటే. పతకము జరిగిపోయిన కార్యమునకు రాజ్య మిచ్చు బహుమానము. ఈ బ్రోచి ఇంకను జరుగని కార్యమునకు, అనగా తిరిగి యింటికి వచ్చుటకు, ఒక మనిషి మరియొక మనిషికి పెట్టిపోయిన పూచీ. పతకమును ధరించువాడు యుద్ధమునుండి వచ్చినవాడు. బ్రోచిని ధరించునది యుద్ధము ముగియువఱకు ఎదురుచూచునట్టిది. యుద్ధచరిత్రలు ఓడల బరువును, ఫిరంగుల గుండ్ల వ్యాసమును, చనిపోయినవారి సంఖ్యను వ్రాసినవి గాని, ఎదురుచూచినవారి లెక్క యే పుస్తకమునను లేదు. ఆ లెక్కలో మనకు దక్కినవి ఈ నగలు. కావున వీనిని సేకరించువాడు వెండితోపాటు ఆ నిరీక్షణమును కూడ సేకరింపవలెను. లేనిచో వాని పెట్టెలో మిగులునది తూనికకు పనికివచ్చు లోహము మాత్రమే.

సముద్రమునుండి ఇంటికి ప్రేమచిహ్నములు తెచ్చు ఆచారము ఈ యుద్ధములకంటె మిక్కిలి పూర్వపుది. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా తిమింగలవేటగాండ్రు సంవత్సరములతరబడి ఇలు చూడక మహాసముద్రములపై తిరుగుచు, తీరిక వేళల తిమింగలపు ఎముకను బద్దగా చెక్కి, దానిపై సూదిమొనతో ఓడలను, హృదయాకృతులను, తమ యింటిముందరి చెట్లను గీసి, ఆ గీతలలో మసి నింపి, ఇంటికి తెచ్చి ఇచ్చెడివారు. ఆనాటి స్త్రీలు బిగుతు రవికలోపల రొమ్మునడుమ నిలువుగా నిలుపుకొను బద్ద అది. భర్త చేతిపని భార్య గుండెకు ఆనియుండుట ఆ బహుమానములోని భావము. వెస్టిండీసులోని బార్బడోసు ద్వీపమున ఎనిమిది మూలల కఱ్ఱపెట్టెలలో రంగురంగుల చిన్న చిప్పలను పూలవలె, నక్షత్రములవలె అమర్చి అమ్మెడివారు. ఇంటిదారి పట్టిన ఓడలవారు వానిని కొనిపోయెడివారు. విక్టోరియారాణి పాలనపు చివరి దశాబ్దములలో సైనికదళముల చిహ్నములను చిన్నవిగా చేసి బ్రోచీలుగా ధరించు వాడుక అధికారుల కుటుంబములలో బయలుదేరెను. 1914 ఆగస్టులో యుద్ధము రాగానే ఆ వాడుక మేడలనుండి దిగి వీథులలోనికి వచ్చినది. లక్షలకొలది యువకులు ఒక్కమారుగ ఇండ్లు విడిచిపోయినప్పుడు లక్షలకొలది స్త్రీలకు ఒక గుర్తు కావలసివచ్చెను.

ఆ గుర్తు ఏది? పదాతి సైనికుని భార్యకు దళముల చిహ్నములు వందలు. నావికుని భార్యకు మూడే. లంగరు, నౌకాకిరీటము, టోపీరిబ్బను. ఈ మూటిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది, ఏలయనగా ఇవి తెలియనివాడు బ్రోచిని చూచియు చూడనివాడే.

నౌకాదళపు లంగరు ఉత్త లంగరు కాదు. త్రాడు చుట్టుకొని చిక్కుపడిన లంగరు. అది ఇంగ్లండు నౌకాదళాధిపత్యమునకు శతాబ్దములనుండి వచ్చుచున్న ముద్ర. నావికవృత్తిలో త్రాడు చుట్టుకొన్న లంగరంత తలనొప్పి మరియొకటి లేదు. దానిని విప్పి పైకి లాగువఱకు ఓడ కదలదు. అయినను శిల్పి కంటికి ఆ మెలిక అందముగా నుండుటచే అదియే నిలిచిపోయినది. క్రైస్తవులకు లంగరు ఆశకు చిహ్నము కూడ. సమాధిరాళ్లపై దానిని చెక్కుదురు. కనుక పోర్ట్స్‌మత్తులో ఒక పడుచు తన కోటుమీద గుచ్చుకొన్న లంగరు చూచువారికి నౌకాదళపు గుర్తు, తనకు ఆశకు గుర్తు. ఒకే వెండితునక రెండు పనులును చేసినది.

నౌకాకిరీటము రోములో పుట్టినది. నౌకాయుద్ధములో వీరత్వము చూపినవానికి ఓడముక్కులను చెక్కిన కిరీటము పెట్టుట ఆ నగరపు మర్యాద, క్రీ.పూ. 36వ సంవత్సరమున నౌలోకస్సు యుద్ధమును గెలిచిన అగ్రిప్పకు ఆక్టేవియను దాని నిచ్చెను. ఇంగ్లీషు కిరీటములో ఓడల వెనుకభాగములును, గాలి నిండిన తెరచాపలును ఒకటివెంట నొకటిగా వలయాకారమున నిలుచును. గోరంత బ్రోచిలో సైతము మంచి పనివాడు తెరచాప ఉబ్బును చూపగలిగెడివాడు. చేతగానివాని కిరీటములో తెరచాపలు పలకలవలె నుండును. పనితనమును పరీక్షింపదలచినవారు మొదట చూడవలసిన తావు అది.

మూడవది టోపీరిబ్బను. ఇంగ్లీషు నావికుని టోపీచుట్టు నల్లపట్టు రిబ్బను ఒకటి యుండును. దానిపై బంగారు వన్నె అక్షరములతో వాని ఓడ పేరుండును. మొదటి యుద్ధకాలమున ఆ రిబ్బను ఆకారముననే, వెండిపై నల్లని, నీలపు ఎనామెలు పోసి, నడుమ ఓడ పేరు వ్రాసి బ్రోచీలు చేసిరి. స్త్రీ తన వక్షస్సుపై భర్త పేరు వ్రాసికొనలేదు గాని ఓడ పేరు వ్రాసికొన్నది. ఈ మూడవరకపు బ్రోచి చరిత్రయే నా ఉపన్యాసమునకు నడుమ భాగము. దానికి ముందు వీనిని చేసిన ఊరిని గూర్చి ఒక మాట చెప్పి వచ్చెదను.

ఈ నగలలో పెద్దపాలు సముద్రపుగాలి సోకని బర్మింగ్‌హామ్‌లో పుట్టినవి. ఆ నగరములో నగలపేట యని ప్రసిద్ధమైన ప్రాంతములో ఒకడు వెండిరేకు కొట్టుట, ఒకడు అచ్చుపోయుట, ఒకడు ఎనామెలు కాల్చుట, ఒకడు పిన్ను అతికించుట, ఇట్లు ఇరుకు సందులలో వృత్తులు పక్కపక్కల నుండెడివి. ముత్యపుచిప్పతో బొత్తాములు చేయు పరిశ్రమయు ఆ యూరిదే. చిప్పను గుండ్రముగా కోసి, అంచున వెండి కట్టి, మీద నౌకాకిరీటము నిలిపిన బ్రోచి ఆ పరిశ్రమల కలయికలో రూపొందినది. 1773లో మేథ్యూ బౌల్టను మొదలైనవారి యత్నముచే ఆ నగరములో వెండి పరీక్షాకార్యాలయము స్థాపింపబడినప్పుడు దాని ముద్రగా నిర్ణయమైనది లంగరు. నగలవ్యాపారుల ప్రతినిధులు లండనులో సభలు జరిపిన కిరీటము-లంగరు అను పూటకూళ్ల ఇంటి పేరునుండి బర్మింగ్‌హామ్‌కు లంగరును, షెఫీల్డునకు కిరీటమును వచ్చినవని చెప్పుకొందురు. అందుచేత బర్మింగ్‌హామ్‌లో పరీక్షకు నిలిచిన నౌకాబ్రోచిని తిరుగవేసి చూచినచో ముందు లంగరు, వెనుక లంగరు. వెనుకనున్న చిన్న లంగరుప్రక్క వెండి శుద్ధతను తెలుపు నడచు సింహము, ఏటేట మారు అక్షరము ఉండును. ఆ అక్షరమును పట్టికతో పోల్చినయెడల, ఆ నగ యుద్ధము మొదటి దినములలోని ఉత్సాహములో కొన్నదో, 1917 నాటి అలసటలో కొన్నదో తెలియును.

ఇక రిబ్బను బ్రోచి కథ. 1914 ఆగస్టులో చార్లెస్ పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అను వృద్ధ నౌకాధిపతి ఫోక్‌స్టన్ పట్టణములో కొందఱు స్త్రీలను కూడదీసి, సైన్యములో చేరని యువకులు వీథిలో కనబడినచో వారి చేత తెల్ల యీకను పెట్టుడని పురికొల్పెను. తెల్ల యీక పిరికితనమునకు గుర్తు. అట్టి కాలమున స్త్రీ వక్షస్సుపైనున్న బ్రోచి, మా యింటివాడు వెళ్లినాడని చెప్పు సాక్ష్యము కూడ అయ్యెను. ప్రేమ, గర్వము, ఇరుగుపొరుగుల చూపునుండి రక్షణ, ఈ మూడును ఒకే పిన్నుకు గుచ్చుకొన్నవి. వీనిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని నేడు తీర్పు చెప్పుట మనకు తగదని నా యభిప్రాయము.

1916 మే 31న జర్మను నౌకాదళముతో జట్లండు యుద్ధము జరిగినది. ఇంగ్లీషు నావికులు ఆరువేలమందికి పైగా ఒక సాయంకాలమును ఒక రాత్రియు గడచులోపల చనిపోయిరి. 'ఇన్విన్సిబుల్' అను ఓడలో వేయిమందికి పైబడి యుండగా ఆరుగురు బ్రదికిరి. ఇంగ్లీషు నౌకాదళములో ఒక్కొక్క ఓడకు నావికులను పోర్ట్స్‌మత్తు, ప్లిమత్తు, చాథమ్ అను మూడు రేవులలో ఒకదానినుండి చేర్చెడివారు. కనుక ఒక ఓడ మునిగినచో ఒక్క ఊరి వీథులలో ఇంటింటను ఏడ్పు వినబడెడిది. ఆ వీథులలో ఒకే ఓడ పేరు గల బ్రోచీలు ఎన్ని ఇండ్లలో నుండెనో ఊహింపుడు. ముందటి దినమువఱకు గర్వముతో పెట్టుకొన్న నగ మఱునాడు ఏమగును? కొందఱు దానిని తీసి పెట్టెలో దాచిరి. కొందఱు జీవితాంతము ధరించిరి. శోకాభరణముగా దానిని చేసినవారు ఎవరును లేరు. తంతివార్త యొక్కటి వచ్చి దానిని శోకాభరణముగా మార్చినది. నగలో ఏ మార్పును లేదు. అక్షరములు అవియే, ఎనామెలు అదియే. ఇట్లు తన రూపము మారక అర్థము మాత్రము తలక్రిందులగు వస్తువు మరియొకటి నాకు తోచదు.

రెండు యుద్ధముల నడుమ ఇంగ్లండు గర్వమునకు నిలువెత్తు ప్రతిమవంటిది 'హుడ్' అను మహానౌక. 1923, 1924 సంవత్సరములలో అది సామ్రాజ్యపు రేవులను పెక్కింటిని చుట్టివచ్చెను. ఆ పేరుగల బ్రోచీలు నేటికిని సేకరించువారి చేతులలో నున్నవి. 1941 మే 24న డెన్మార్కు జలసంధిలో జర్మను యుద్ధనౌక 'బిస్మార్కు'తో తలపడి అది కొన్ని నిమిషములలో పేలి మునిగెను. ఓడలో నుండినవారు 1,418 మంది, దక్కినవారు మువ్వురు.

అప్పటికి రిబ్బనుపై ఓడ పేరు వ్రాయు ఆచారము ఆగిపోయినది. రెండవ యుద్ధములో ఏ ఓడ ఏ రేవున నున్నదో శత్రువు గూఢచారులకు తెలియకుండుటకై, టోపీరిబ్బనుపై 'హెచ్.ఎం.ఎస్.' అను మూడక్షరములు మాత్రమే ఉంచి పేరు తీసివేసిరి. నగలు చేయువారును ఆ దారినే నడచిరి. ఆ కాలపు బ్రోచీలలో హెచ్.ఎం.ఎస్. అనియో, దళపు పేరు తెలుపు రెండక్షరములో ఉండి, ఆ పైన ఏమియు నుండదు. సేకరించువారు ఓడ పేరుగల బ్రోచికి ఎక్కువ వెల యిత్తురు. పేరులేనిదానిని సామాన్యమని ప్రక్కకు నెట్టుదురు. వారితో నేను ఏకీభవింపను. పేరులేని బ్రోచిలోనే రెండవ యుద్ధపు స్త్రీ బ్రతుకు సంపూర్ణముగా నున్నది. తన భర్త ఏ ఓడపై నున్నాడో ఆమె ఎరుగును, కాని చెప్పరాదు. ఏ సముద్రమున నున్నాడో ఆమెకే తెలియదు. వచ్చిన ఉత్తరములో పరీక్షకుని కత్తెర వ్రేటున సగము వాక్యము లుండవు. మూడక్షరముల తరువాతి ఆ ఖాళీస్థలము పనివాని లోపము కాదు. అది యుద్ధము ఆమె నోటికి వేసిన తాళము.

ఆ తాళ మెంత గట్టిదో తెలుపుటకు 'బర్హామ్' ఓడ కథ చాలును. 1941 నవంబరు 25న ఈజిప్టు తీరమునకు దూరముగా జర్మను జలాంతర్గామి ఒకటి దానిని పడగొట్టెను. ఎనిమిది వందలమందికి పైగా చనిపోయిరి. శత్రువునకు తాను పడగొట్టిన ఓడ మునిగినదని నిశ్చయముగా తెలియలేదు. అది కనిపెట్టిన ఇంగ్లీషు ప్రభుత్వము వార్తను దాచెను. చనిపోయినవారి ఇండ్లకు కొన్ని వారముల పిదప జాబులు పంపిరి. పంపుచు, మిక్కిలి దగ్గరి బంధువులకు తప్ప ఎవ్వరికిని చెప్పవలదని కోరిరి. 1942 జనవరి చివరివఱకు దేశమునకు ఆ సంగతి తెలియదు. భర్త చనిపోయినాడని తెలిసియు, తెలియనట్లే అంగడికి పోవలెను. పొరుగింటివారు క్షేమ మడిగినచో క్షేమమే యనవలెను. కోటుమీద బ్రోచి ఎప్పటివలెనే పెట్టుకొనవలెను, తీసివేసినచో ఎందుకని అడుగుదురు. ఆ వారములలో ఆ పిన్ను ఎంత బరువైనదో ఏ త్రాసు తూచగలదు?

ఆ నవంబరులోనే పోర్ట్స్‌మత్తులో హెలెన్ డంకన్ అను స్కాట్లండు స్త్రీ, చనిపోయినవారితో మాటలాడింతునని చెప్పుకొనునది, ఒక గోష్ఠిలో బర్హామ్ నావికుని ఆత్మను రప్పించినదని, వాని టోపీరిబ్బనుపై ఓడ పేరు కనబడెనని వదంతి పుట్టెను. యుద్ధకాలపు రిబ్బనులపై ఓడ పేరే లేదని తరువాతి విమర్శకులు ఎత్తిచూపిరి. 1944లో ఆమెను 1735 నాటి మంత్రవిద్యల శాసనము క్రింద విచారించి తొమ్మిది నెలలు చెరలో నుంచిరి. ఆమె మాట సత్యమా, మోసమా అను విచారము నాకు ముఖ్యము కాదు. ఆ చీకటి గదిలోనికి డబ్బిచ్చి పోయిన స్త్రీలు నాకు ముఖ్యులు. రాజ్యము నోరు మూసికొన్నప్పుడు, ఉత్తరములు రానప్పుడు, రిబ్బనుపై పేరు చెరిగినప్పుడు, ఒక్క పేరు వినుటకై మనుష్యులు ఎక్కడికైనను పోవుదురు.

అమెరికాలో ఈ కథ వేరుగా నడచినది. అక్కడ నోటికి తాళముకంటె లోహమునకు తాళము ఎక్కువ. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడి జరిగిన పిదప, ఆ పేరును మరువకుడని చెప్పు పిన్నులు ఆ దేశమంతట అమ్ముడుపోయినవి. పెక్కింటిలో 'పెర్ల్' అను మాటకు బదులు ఒక చిన్న ముత్యమును పొదిగిరి. రోడ్ ఐలండులోని ప్రావిడెన్సును, మసాచుసెట్సులోని ఆటిల్‌బరోయు చౌకనగల పరిశ్రమకు పుట్టినిండ్లు. ఆ నగలకు తగరము కావలెను. తగరము మలయా దేశమునుండియు, తూర్పు ద్వీపములనుండియు రావలెను. ఆ దేశములను 1942 మొదటి నెలలలో జపాను ఆక్రమించెను. రాగి, ఇత్తడి, నికెలు తోటాలకును ఓడలకును పోయినవి. అందుచేత చౌకనగలవారు విధిలేక వెండికి దిగిరి. శాంతికాలమున తగరముతో చేయు పిన్ను యుద్ధకాలమున స్టెర్లింగ్ వెండితో, మీద పలుచని బంగారుపూతతో వచ్చెను. వెండియు కొనలేనివారికి కఱ్ఱ, ప్లాస్టికు, ముత్యపుచిప్ప, తీగతో మెలిపెట్టి వ్రాసిన పేళ్లు. సామాన్యురాలి నగ యుద్ధమువలన మేలిలోహమునకు ఎక్కుట, సంపన్నుల వంటయింటి పాత్రలు యుద్ధమువలన కొలిమికెక్కుట, రెండును ఒకే కాలమున జరిగినవి.

అమెరికాలో మరియొక మర్యాద కలదు. 1917లో ఒహాయో రాష్ట్రపు సైన్యాధికారి రాబర్ట్ క్వైసర్, తన కుమారులిద్దరు సైన్యములో నుండుటచే, కిటికీలో వ్రేలాడదీయుటకు ఒక జెండాను రూపొందించెను. తెల్లని నేలపై సైన్యములోనున్న ఒక్కొక్కరికి ఒక్కొక్క నీలినక్షత్రము. చనిపోయినవాని నక్షత్రము బంగారువన్నెకు మారును. ఆ జెండాయే చిన్నదై తల్లుల రవికలపై పిన్నుగా వెలసెను. అయోవా రాష్ట్రములోని వాటర్లూ పట్టణమున సల్లివన్ అను ఇంటివారి కుమారులు అయిదుగురును 'జూనో' అను ఒకే ఓడలో చేరి, 1942 నవంబరు 13న గ్వాడల్‌కెనాల్ చెంత ఆ ఓడ మునుగగా ప్రాణములు కోల్పోయిరి. తల్లి ఆలీటా సల్లివన్ 1943 ఏప్రిలులో తన కుమారుల పేరు పెట్టిన కొత్త ఓడను తానే జలప్రవేశము చేయించెను. ఆ తల్లి శోకమును వర్ణించు శక్తి నా మాటలకు లేదు.

ఈ కథలన్నియు దూరదేశములవి. కాని సముద్రము ఒక్కటే గనుక అవి మన తీరమును కూడ తాకినవి. 1914 సెప్టెంబరు 22 రాత్రి 'ఎమ్డెన్' అను జర్మను ఓడ మదరాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. ఆనాడు మదరాసు మన తెలుగుజిల్లాలకును రాజధాని. ఆ యోడను అదే సంవత్సరము నవంబరు 9న కోకోసు దీవులకడ ఆస్ట్రేలియా యుద్ధనౌక 'సిడ్నీ' ధ్వంసము చేసెను. శిథిలమైన ఎమ్డెన్‌లో మెక్సికో వెండి డాలరులు దొరకినవి. సిడ్నీ నగరపు నగలవర్తకుడు కెర్ వానికి పైన కిరీటమును, కొక్కెమును తగిలించి పతకములుగా చేసెను. మన రాజధానిని కాల్చిన ఓడ పెట్టెలోని వెండి నావికుల ఇండ్లలో జ్ఞాపికలై నిలిచినది. ఆస్ట్రేలియాలోనే సైన్యమునకు వెళ్లినవారి మిక్కిలి దగ్గరి స్త్రీబంధువునకు ప్రభుత్వమువారి బ్యాడ్జిని ఇచ్చుటయు, మొదటివాని తరువాత వెళ్లిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కడ్డీని దానికి చేర్చుటయు జరిగినది. నిరీక్షణమును రాజ్యము గుర్తించిన అరుదైన సందర్భము అది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. ఆ విమానములలో వచ్చినవారికిని ఇండ్లున్నవి. జపాను స్త్రీలు వీథిమూలల నిలువబడి, దారిని పోవు స్త్రీల నొక్కొక్కరిని ఒక్కొక్క కుట్టు వేయుమని కోరి, వేయి కుట్లు నిండిన గుడ్డపట్టీని యుద్ధమునకు పోవు కుమారుని నడుమునకు కట్టెడివారు. పులి సంవత్సరమున పుట్టిన స్త్రీ తన వయస్సెన్నేండ్లో అన్ని కుట్లు వేయవచ్చును. ఇంగ్లండులో పురుషుడు స్త్రీకి ఇచ్చి పోయెను. జపానులో స్త్రీ పురుషునికి కట్టి పంపెను. మన రేవుమీద బాంబు వేసినవాని నడుమున సైతము ఎవరో తల్లి వేయిమందిని బ్రతిమాలి కుట్టించిన పట్టీ యుండవచ్చును గదా. ఈ తలంపు వచ్చిననాటినుండి శత్రువు అను మాటను నేను తేలికగా వాడలేకున్నాను.

సేకరింపదలచిన యువకులకు కొన్ని మాటలు చెప్పెదను. మొదట కిరీటమును చూడుడు. 1901 మొదలు 1952 వఱకు ఇంగ్లీషు రాజచిహ్నములలోని కిరీటపు వంపులు గుమ్మటమువలె పైకి లేచియుండును. ఎలిజబెత్తు రాణి కాలమున నడుమ నొక్కు పడినవి. నొక్కుపడిన కిరీటముతోనున్న నగను మొదటి యుద్ధపుదని అమ్మువాడు మిమ్ము మోసగించుచున్నాడు. 2022 తరువాత గుమ్మటపు వంపు మరల వచ్చినందున క్రొత్తవానిని ఇంకను జాగ్రత్తగా చూడవలెను. పిన్నును పట్టు కొక్కెము మూతలేని సాదా వంపైనచో పాతపని కావచ్చును. సైనికుని టోపీ బ్యాడ్జికి వెనుక పిన్ను అతికించి నగగా చూపుట కలదు. అతుకు తాజాగా మెరయుచుండును.

మన యిండ్లలో ఇత్తడికి, రాగికి చింతపండు పెట్టి తోముట అలవాటు. ముత్యపుచిప్పకు పులుపు తగులరాదు. ఆ చిప్ప సున్నపుజాతి పదార్థము గనుక పులుపు దానిని తినివేయును, నిగనిగ పోయి సుద్దవలె మిగులును. సెల్యులాయిడు నగలను వెండినగలతో ఒకే పెట్టెలో మూసిపెట్టరాదు. అది కాలక్రమమున శిథిలమగుచు విడుచు ఆవిరి ప్రక్కనున్న లోహమును చెరచును. వెండి నల్లబడినచో మెత్తని గుడ్డతో తుడుచుట చాలును. బొటనవ్రేలు ఏండ్లతరబడి రాచి అరుగజేసిన తావు ఒకటి పెక్కు బ్రోచీలలో ఉండును. దానిని మెరుగుపెట్టి సమము చేయుట నా దృష్టిలో అక్షరములను చెరుపుటయే.

వీనియన్నిటికంటె పెద్ద హాని మరియొకటి కలదు. ఒక ముసలమ్మ చనిపోవును; ఆమె పెట్టెలో బ్రోచి, దానితో ఒక ఫొటో, నాలుగు ఉత్తరములు, టోపీరిబ్బను ముక్క ఉండును. వర్తకుడు బ్రోచిని నగలవానికి, ఫొటోను పాతచిత్రములవానికి, ఉత్తరములను తపాలాబిళ్లలవానికి అమ్మును. నలుగురు కొన్నందున లాభ మెక్కువ. ఆ సాయంకాలముతో ఆ స్త్రీ రెండవమారు చనిపోవును. మన మాస్టారు ఒక్క నాణెమునైనను ఉత్తగా పెట్టెలో వేయలేదు. ప్రతిదానికి కాగితపు పొట్లము కట్టి, ఇచ్చినవారి పేరు, ఊరు, వారికి ఎట్లు వచ్చినదో ఆ కథ పొట్లముమీద వ్రాసెడివారు. పొట్లములను పారవేసి నాణెములను మాత్రము కొందుమని వచ్చినవారిని వారు వాకిటనుండియే పంపివేసినారు. లండనులోని సామ్రాజ్యయుద్ధ ప్రదర్శనశాలవారును, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా యుద్ధస్మారకమువారును ఈ బ్రోచీలను సేకరించి యున్నారు. అట్టి శాలలలో ధరించిన స్త్రీ పేరు తెలిసిన బ్రోచి ముందు నిలిచిననాడు మీకు నా మాటలోని భేదము కంటికి కనబడును.

మన విశాఖపట్టణము రేవుపట్టణము. రెండవ యుద్ధకాలమున ఇచ్చట వెలసిన నౌకాస్థావరమునకు మన ఉత్తర సర్కారుల పేరే పెట్టిరి. 1968నుండి తూర్పు నౌకాదళమునకు ఇది ముఖ్యస్థానము. ఈ సభలోనే నావికుల భార్యలు, తల్లులు ఉన్నారని నేనెరుగుదును. మీ యిండ్లలో బ్రోచీలు లేకపోవచ్చును. భర్త తొలి ప్రయాణమునుండి తెచ్చిన గవ్వలదండ, ఓడ గుర్తు చెక్కిన తాళపుచేతుల గుత్తి, 1971 డిసెంబరు యుద్ధములో వీథిదీపములార్పిన రాత్రులలో వచ్చిన కార్డు, ఇట్టివి ఉండును. వానిని ఇమ్మని నేను కోరుట లేదు. అవి మీ యిండ్లలోనే ఉండవలెను. వాని కథను మాత్రము వ్రాసి యిండు. వస్తువేది, ఇచ్చినవా రెవరు, ఏ ఓడ, ఎవరు దాచిరి, ఎన్నాళ్లు ఎదురుచూచిరి, ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు వ్రాయుటకై గీతలు గీసిన పెద్దపుస్తక మొకటి ఈ గ్రంథాలయములో ఉంచుటకు కార్యదర్శిగారు దయతో నంగీకరించినారు. వ్రాయుట రానివారు చెప్పినచో వ్రాసిపెట్టుటకు ఇద్దరు కళాశాల విద్యార్థినులు ఆదివారము ఉదయములందు ఇచ్చట కూర్చుందురు. చెప్పువారు పేరు బయట పెట్టవలదన్నచో ఆ మాటయు పుస్తకములో వ్రాసి, ఆ పుటను మూసి ఉంచెదరు. వచ్చు ఆదివారమునుండి పని మొదలు.